దెబోరా చెవి

ఆళ్లగడ్డ పాలెంలో చర్చి వరండాలో బాలవాడి నడిపే లూదియా టీచరుకు పంతం ఎక్కువ. ఊళ్లో కొత్తగా పెట్టిన ఇంగ్లీషు బడిలో కిండర్‌గార్టెన్ తెరుస్తున్నారనీ, ఫీజు కట్టలేని ఇంటి పిల్లకు ఒక్క సీటు ఉంచారనీ తెలిసిన రోజే, ఆ సీటు తన దగ్గర చదివే దెబోరాదని తీర్మానించేసుకుంది. ఇది డెబ్బై తొమ్మిది నాటి మాట.

దెబోరా తల్లి శాంతమ్మ మాత్రం నాన్చకుండా చెప్పేసింది.

"సూడు టీచరమ్మా, సీటొస్తే సరి. రాకుంటే సోమారం నుంచి ఇది నాతోనే చేనికొస్తాది. నేను కలుపు తీస్తాంటే చంటోణ్ని ఎవరో ఒకరు ఎత్తుకోవాల గదా."

వచ్చే ఏడు చూద్దాంలే అనే మాట ఆ ఇంట్లో చెల్లదని లూదియాకు తెలుసు. చంటివాడు ఒకసారి చంకెక్కితే పలక మళ్లీ చేతికి రావడం కల్ల. అట్లా బడి తప్పిపోయిన ఆడపిల్లలు ఆ పాలెంలో వీధికి ఇద్దరున్నారు.

అందుకే మూడు నెలలు పిల్లను సానబట్టింది. అక్షరాలు, అంకెలు, రంగులు నేర్పింది. పెద్దవాళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడాలనీ, అడగందే నోరు తెరవగూడదనీ వందసార్లు చెప్పింది. అన్నిటికన్నా ముఖ్యం చెవి. పుట్టిన తేదీ కాగితాలు ఎవరింట్లోనూ లేని రోజులవి. కుడిచేయి నడినెత్తి మీదుగా పోయి ఎడమ చెవిని తాకితే బడి ఈడు వచ్చినట్టు, లేకుంటే రానట్టు. దెబోరా పొట్టిది. మొదట్లో చేయి కణత దగ్గరే ఆగిపోయేది. నెల రోజులుగా మాత్రం వేలికొస చెవికి అందుతోంది. లూదియా ధీమా అంతా అదే.

పరీక్షనాడు పొద్దున్నే పిల్లను కూర్చోబెట్టుకుంది. పాలెం పిల్ల చింపిరి తలతో వచ్చిందని ఎవరూ అనగూడదు. నూనె రాసి, జుట్టంతా నడినెత్తికి దువ్వి, గట్టిగా పిలక కట్టి, దానిమీద క్యాబేజీ అంత ఎర్ర రిబ్బను పువ్వు వేసింది. తన పనితనానికి తానే మురిసిపోయింది, పిచ్చితల్లి.

బడి హెడ్‌మిస్ట్రెస్ కమలాక్షమ్మ నంద్యాల మనిషి, నవ్వు తక్కువ. షావుకార్ల పిల్లలు తల్లుల కొంగులు పట్టుకుని రాగాలు తీస్తుంటే, దెబోరా ఒక్కతే నిటారుగా నిలబడి అడిగినవన్నీ టకటకా చెప్పేసింది.

"ఇంగ చెవి పట్టుకో పాపా."

చేయి లేచింది. నెత్తిదాకా పోయింది. చెవికి రెండు వేళ్ల ఎడంలో ఆగిపోయింది.

"మళ్లా పట్టుకో."

మళ్లీ అంతే.

"ఈడు చాలదమ్మా. వచ్చే ఏడు తీసకరా," అంటూ కమలాక్షమ్మ పెన్ను మూత పెట్టబోయింది.

లూదియా ఒక అడుగు ముందుకేసింది. నిన్న సాయంత్రం కూడా అందిన చెవి! గోడవారగా నిలబడ్డ శాంతమ్మ చంటివాణ్ని ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుని, పోదామన్నట్టు వాకిలి వైపు చూసింది.

అప్పుడు దెబోరా మూడు నెలల పాఠాన్ని గంగలో కలిపింది. అడక్కుండానే నోరు తెరిచింది.

"ఉండు మేడమ్! ఏందో అడ్డమొస్తాంది."

నెత్తి తడుముకుని, రిబ్బను కొస దొరకబుచ్చుకుని లాగింది. ముడి రాలేదు. పళ్లు బిగించి ఇంకోసారి లాగింది. పువ్వు ఊడి బల్లమీద పడింది, జుట్టు మొహం మీదికి జారింది. చేయి సాఫీగా నెత్తి మీదుగా పోయి చెవిని పట్టుకుంది. తాకడం కాదు, పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు.

"అందింది! సూడు!"

కమలాక్షమ్మ పకపకా నవ్వింది. లూదియా సిగ్గుతో చచ్చిపోయి, "ఆ పువ్వు కట్టింది నేనే మేడమ్," అని ఒప్పేసుకుంది.

"కడితే కట్టినావులే. పొద్దున్నించి నలభైమందిని చూసినా. పని కాకుంటే ఎందుకు కాలేదని చూసుకున్నది ఇదొక్కటే. పేరు రాసుకుంటాండా."

లూదియా నలుగురిలో ఉన్నానని కూడా చూసుకోకుండా ఏడ్చేసింది. బడి గేటు దాటగానే పిల్లను భుజాన ఎక్కించుకుని పాలెం దాకా నడిచింది. దారిలో కనబడిన ప్రతి మనిషికీ "నాకు సీటొచ్చింది!" అని దెబోరానే అరిచి చెప్పింది. ఎవరూ అడగలేదు.

శాంతమ్మ చంటివాణ్ని ఎత్తుకుని వెనకాలే వచ్చింది. ఇంటి ముందర ఆగి అడిగింది.

"సోమారం దీన్ని బడికి ఎవరు తోలకపోతారు?"

"నువ్వు చేనికి పోవాల గదా, నేను తోలకపోతాలే."

"నువ్వెందుకు, నేనే పోతా. కలుపు కాసేపు ఆగుతాదిలే."

"మరి చంటోడో?" అంది లూదియా.

శాంతమ్మ కొడుకును చంకలో ఇంకొంచెం పైకి జరుపుకుంది.

"నా కొడుకు. నేనే మోసుకుంటా."