నాలుగో సంత

జయశ్రీ నోటుపుస్తకంలో రాసుకొచ్చిన పదకొండు ప్రశ్నలకూ భాను ఓపిగ్గా జవాబు చెప్పింది. వానాకాలం గోడలు చెమ్మెక్కుతాయా, చారులో ఇంగువ వేస్తారా, స్నానాల గదిలో పట్టుకునే కమ్మీ ఏ ఎత్తున ఉంటుంది... అరకు దగ్గర కొండవాలున కట్టిన ఈ పెద్దల నివాసానికి భాను మేనేజరు.

"ఆ గుంటని ఇంటర్వ్యూ సేత్తన్నావేటే?" అన్నాడు ఆమె భర్త సింహాచలం.

అతని లెక్క వేరు. ఇంకో ఐదేళ్లు సాలూరులో సొంతింట్లోనే ఉండి, జయశ్రీ మోకాళ్లు పూర్తిగా మొరాయించాక, విశాఖలో ఆస్పత్రి పక్కనున్న నివాసంలో చేరాలి. జయశ్రీ దాన్నీ చూసొచ్చింది. అక్కడ రెండేళ్లుగా ఉంటున్న ఒకావిడను, గేటు బయట పూలమ్మే మనిషి పేరేమిటని అడిగింది. ఆవిడ తెల్లమొహం వేసింది. ఆ మొహం జయశ్రీని వదల్లేదు. కాళ్లు ఆగిపోయిన రోజున తననెరిగిన మనిషి గేటు బయట ఒక్కరైనా ఉండాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

అందుకే పన్నెండో ప్రశ్న.

"సంత నడిచి వెళ్లేంత దగ్గరని మీ ప్రచార కాగితంలో వేశారు. ఎవరి నడకమ్మా?"

భాను నవ్వేసింది. "ఇక్కడే ఆంటీ. మా ఊరోళ్లు పది నిమిషాల్లో దిగిపోతారు."

ఆ రోజు శుక్రవారం, సంత రోజే. జయశ్రీ మోకాలి పట్టీ బిగించుకుని, గొడుగును కర్రలా పట్టుకుని, కాఫీ తోట పక్క మట్టిదారిన బయల్దేరింది. సింహాచలం గొణుక్కుంటూ వెనకాలే నడిచాడు. రెండుచోట్ల రాళ్ల మీద కూర్చుంది. బుట్టలు నెత్తినెట్టుకున్న ఆడవాళ్లు నవ్వుకుంటూ దాటిపోయారు. దిగేసరికి నలభై నిమిషాలు.

సంతలో సోములమ్మ అనే గిరిజన రైతు రాజ్మా గింజలు కుప్పపోసి డబ్బాతో కొలుస్తోంది. ముందున్నామెకు డబ్బా నిండాక ఇంకో గుప్పెడు వేసింది. జయశ్రీకి వేయలేదు.

"నాకు కొసరు లేదా?"

సోములమ్మ తలెత్తింది. "కారు మీద వచ్చీవోలు మల్లీ రారు. మల్లీ వచ్చీవోలకే కొసరు."

"నడిచే వచ్చాను. ఆ పైనున్న నివాసం నుంచి."

"నువ్వా? ఆ కాలితోనా?" కొండమీద అందరినీ నువ్వనే అంటారు.

"ఎన్నిసార్లు వస్తే కొసరిస్తావు?"

"మూడు సంతలు రా. మొకం గురుతుంటాది."

"తర్వాత రాలేకపోతే?"

"ఎరిగిన మనిసి రాకపోతే అడగమేటి? ఆ పైన మీ నివాసంల పైడయ్య తాత లేడూ, మొదట్ల ఇక్కడికొచ్చి అల్లం బేరం కాడ నాతో కజ్జా ఆడీవోడు. ఇప్పుడు నడవలేడు. అల్లం నానే పైకి అట్టుకెల్తన్నాను. ఇప్పుడూ కజ్జాయే."

"మిగతావాళ్లకో?"

"పోయినేడు ఒక ముసలమ్మ వచ్చిందంట. కారు దిగింది, లోపలికెల్లిపోయింది. నాను సూడనే లేదు."

జయశ్రీ డబ్బులిచ్చి గింజలు సంచిలో పోయించుకుంది.

"బేగి రా, కారు పిలిసాను," అన్నాడు సింహాచలం సంచి అందుకుంటూ. "సూసావు కదా, ఈ కాలితో ఇక్కడేటి బతుకుతావు?"

"కాలు ఆడుతుండగానే రావాలండీ. ఐదేళ్లాగితే నేనూ కారు దిగి లోపలికి పోయేదాన్నే."

"ఆస్పత్రో?"

"దూరమే. అదీ రాసుకున్నాను." ఆమె నోటుపుస్తకం తెరిచింది. "ముందు నెల రోజులు ఉండి చూడొచ్చంది భాను. నెలకి నాలుగు సంతలు. మూడింటికి నడిచి వస్తాను."

"మరి నాలుగోది?"

"దానికి కావాలనే రాను. ఎవరైనా అడుగుతారో లేదో చూడాలి కదా."