దాచిన నెలలు

కాజాలు కుట్టే పిల్లకు కడుపులోనే బిడ్డ పోయింది. ఆ పిల్లను ఆటోలో పడేసి పంపించి, సాయంత్రానికల్లా ఇంకో మనిషిని తెచ్చి ఆ స్టూలు మీద కూర్చోబెట్టారు. ఎంత అన్యాయం! అయ్యో అన్న దిక్కు లేదు.

కాలర్లు కుట్టే ఆమెకు ఆనాటి నుంచి కంటి మీద కునుకు లేదు. ఆమె కూడా కడుపుతోనే ఉంది. ఆ చొక్కాల కంపెనీలో ఆరో నెల పడితే పని ఉండదు. అందుకని ఆడవాళ్లంతా రెండు నెలలు తగ్గించి చెబుతారు. కొత్తగా చేరినవాళ్లకు మిషనుతో పాటు ఇదీ నేర్పుతారు. కంపెనీ నర్సు నెలనెలా బల్ల మీద పడుకోబెట్టి, పొత్తికడుపు ఎముక నుంచి గర్భసంచి పైఅంచు దాకా టేపు పెట్టి చూస్తుంది. కొలత ఎక్కువ వచ్చిందా, గేటు బయటికే. తక్కువ వస్తే "బతికిపోయావే" అని తోటివాళ్లు వీపు తడతారు. కాజాల పిల్లనూ అలాగే తట్టారు.

ఇవాళ నర్సు కాలర్ల ఆమెను కొలిచి, టేపు తీసి, "ఐదో నెలకు సరిగ్గా ఉంది. బిడ్డ బాగుంది" అంది.

నిజానికి ఆమెకు ఏడో నెల. అంటే బిడ్డ ఎదగడం లేదేమో! నిజం చెబితే పని పోతుంది. ఇంట్లో నడుము పడిపోయిన మొగుడు. చెప్పకపోతే బిడ్డే పోవచ్చు.

వెళ్లి, చొక్కాలు ఇస్త్రీ చేసే అక్క చెయ్యి పట్టుకుంది. "భయమేస్తోంది అక్కా. నాది ఏడు. టేపు ఐదంటోంది."

"నోర్ముయ్యవే, సూపర్‌వైజరు వింటాడు" అంది జేబులు కుట్టే ఆమె.

"విననీ! కంపెనీని మోసం చేస్తున్నాం అనుకున్నాం. మన పీక మనమే కోసుకుంటున్నాం" అంది ఇస్త్రీ అక్క.

"పని పోతే తిండి నువ్వు పెడతావా?"

"ఒక్కతి చెబితే ఒక్కదాని పని పోద్ది. అందరం చెబితే ఈ చొక్కాలు మేనేజరు కుడతాడా?"

ఇంతలో సూపర్‌వైజరు రానే వచ్చాడు. "ఏంటీ సంత?"

కాలర్ల ఆమె ముందుకొచ్చింది. "నాది ఏడో నెల సార్. బిడ్డ ఎదగట్లేదేమో. పెద్దాసుపత్రికి పోవాలి, బండి ఇప్పించండి."

"ఇన్నాళ్లూ అబద్ధమా? పో బయటికి! మళ్లీ రాకు."

జేబుల ఆమె లేచింది. "నాదీ ఏడే."

"నాది ఆరు దాటింది" అని వెనక నుంచి ఇంకో గొంతు. కడుపుతో లేనివాళ్లు కూడా మిషన్లు కట్టేశారు. అందరూ కాలర్ల ఆమెను మధ్యలో పెట్టుకుని గేటు దాకా వచ్చారు. మేనేజరు పోలీసులకు ఫోను కొట్టాడు. జీపు వచ్చేసరికి సగంమందికి ఏడుపు ఒక్కటే తక్కువ.

"ఎవర్ని ఎక్కించమంటారు?" అన్నాడు ఎస్సై, మేనేజరుతో.

ఇస్త్రీ అక్క జీపు తలుపు తానే తీసింది. "ముందు ఈమెను ఎక్కించండి. ఆసుపత్రికి పోనివ్వండి. ఆనక మమ్మల్ని ఏ స్టేషనుకు తీసుకుపోతారో తీసుకుపోండి. ఈమెను ఎక్కించేదాకా జీపు ముందు నుంచి లేవం."

చెప్పినట్టే అందరూ రోడ్డు మీద కూర్చున్నారు, కడుపుతో ఉన్నవాళ్లతో సహా. ఎస్సై మేనేజరు వైపు చూశాడు, వాళ్ల కడుపుల వైపు చూశాడు. "ఎక్కమ్మా" అన్నాడు చివరికి.

అప్పుడు లేచి దారి ఇచ్చారు. జీపులో ఆమె కడుపు పట్టుకుని కూర్చుంది. "ఒక్కసారి కదలరా నాన్నా" అని గొణిగింది. బయట నుంచి ఇస్త్రీ అక్క కేక వినపడింది: "భయపడకే! నీ మిషను మీద ఇంకొకర్ని కూర్చోనివ్వం!"