లేబుల్ లేని సంచి

ఆసుపత్రి కింది అంతస్తులో, మెట్ల వెనక ఉండే వ్యర్థాల గది ఆమెది. పై వార్డుల నుంచి రంగురంగుల సంచులన్నీ అక్కడికే చేరేవి. సంచి మీద వార్డు పేరు, తేదీ, ప్రమాదం గుర్తు లేకపోతే వచ్చిన దారినే తిప్పి పంపేది. అందుకే ఆమె అందరికీ లేబులక్క అయింది. మనుషులక్కూడా లేబుల్ అడిగేలా ఉందని వెనక నవ్వుకునేవారు. పని లేకుండా ఎవరూ ఆ గది గడప తొక్కేవారు కాదు. భర్త పోయాక ఇంటి గడపా అంతే.

ఒక మధ్యాహ్నం తలుపు పక్కన ఎవరో మామూలు చెత్త వేసే నల్లసంచి వదిలి వెళ్లారు. లేబుల్ లేదు. పక్కకు జరపబోతే చూపుడువేలిలో సూది దిగింది.

కుళాయి కింద సబ్బుతో వేలు కడుక్కుని, వెంటనే వెళ్లి డాక్టరుకు చెప్పింది. ఆ సూది ఎవరికి వాడిందో తెలిస్తే వాళ్ల రక్తం పరీక్షించి హెచ్‌ఐవీ లాంటి జబ్బు ఉందో లేదో తేల్చవచ్చని, తెలియదు కాబట్టి ఇరవై ఎనిమిది రోజులు మందులు వాడాలని ఆయన అన్నాడు. ప్రతి వార్డుకూ కబురు వెళ్లింది. ఎవరూ నోరు విప్పలేదు.

మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పేది. ఇంట్లో తువ్వాలు, గ్లాసు వేరే పెట్టుకుంది. ఒంటరి ఇంట్లో ఎవరి నుంచి వేరో అని తట్టగానే నవ్వొచ్చింది, వెనకాలే ఏడుపొచ్చింది. ఊరి నుంచి సొంత అక్క ఫోన్ చేసి నాలుగు రోజులు వచ్చి ఉండమంటే, సెలవు దొరకదని అబద్ధమాడింది.

పంతొమ్మిదో రోజు మూడో అంతస్తు నర్సు వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“ఆ సంచి నాదే అక్కా. సూదుల డబ్బా నిండిపోయింది. హడావిడిలో చేతికందిన సంచిలో వేసేశా. లేబుల్ తర్వాత అంటిద్దాంలే అనుకున్నా. అందులో ఉన్నది ఒక్కటే సూది, కిటికీ పక్క మంచం ఆయనది.”

“ఇన్నాళ్లూ ఏం చేశావు?”

“ఉద్యోగం పోతుందని భయపడ్డా.”

లేబులక్కకు ఒళ్లు మండిపోయింది. చెంప పగలగొట్టాలనిపించింది. ఆ పిల్ల తనంతట తానే వచ్చి చెప్పింది కదా అనుకుని, నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

“పద, డాక్టరుకి చెబుదువుగాని. నేనూ వస్తా.”

ఆ రోగి, కాలు విరిగిన పెద్దాయన, ఇంకా వార్డులోనే ఉన్నాడు. ఆయన రక్తంలో ఏ దోషమూ లేదని మర్నాడు తేలింది. మాత్రలు ఆపేయమన్నారు. నర్సు ఉద్యోగం పోలేదు గాని, సంజాయిషీ రాసివ్వాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం లేబులక్క తనే అక్కకు ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పింది. అవతల తిట్లు మొదలయ్యాయి. మొద్దు మొహమా అంది, నేను చచ్చాననుకున్నావా అంది. తనను ఇలా తిట్టేవాళ్లు లేక ఎన్నేళ్లయిందో. అడ్డు చెప్పకుండా, ఫోన్ చెవికి ఇంకాస్త దగ్గరగా ఆనించుకుని కూర్చుంది.