సన్నటి జ్వరం

ఆవిరి.

గది నిండా ఆవిరి. తెల్లగా, తడిగా, సబ్బు వాసనతో. గోడలు కనపడవు. ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం కనపడదు. దుప్పటి అవతలి కొస పట్టుకున్న రెండు చేతులు మాత్రం కనపడతాయి.

ఆసుపత్రి కింది అంతస్తులో బట్టలుతికే గది అది. పైన రోగులు. కింద వాళ్ళ దుప్పట్లు. ఉతికి ఆరేసిన దుప్పటిని ఇద్దరు చెరోవైపు పట్టుకుని, లాగి, దులిపి, దగ్గరికి నడిచి, కొసకు కొస కలపాలి. మళ్ళీ వెనక్కి. మళ్ళీ దగ్గరికి.

ఆమె ఏళ్ళ తరబడి అదే చేస్తోంది.

నడుస్తుంది. కలుపుతుంది. వెనక్కి నడుస్తుంది.

అక్కడందరూ ఆమెను నెమ్మది అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఆమే పలకదేమో. ఇంట్లో అత్తగారు, మా కోడలికి నోట్లో నాలుక లేదని ఇరుగుపొరుగుకు చెప్పుకుని మురిసిపోతుంది. మొగుడు లారీ నడుపుతాడు. రోజంతా ఇంజను మోత విని వచ్చినవాడికి ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి.

ఉంటుంది.

ఆమెకు దుఃఖం లేదు — అదే తమాషా. ఏడవడానికి ఏమీ లేదు. నవ్వడానికీ ఏమీ లేదు. పొద్దున్నే లేవడం... బరువు. తల దువ్వుకోవడం... బరువు. నిద్రపోతుంది, అలసట పోదు. ముద్ద నోటికి తగులుతుంది, రుచి తగలదు. మబ్బు పట్టిన పగలు. వాన రాదు, ఎండా రాదు. మర్నాడూ అదే పగలు. ఆ మర్నాడూ...

బిడ్డ తొలి అడుగు వేసినప్పుడు, చప్పట్లు కొట్టాలని గుర్తు తెచ్చుకుని కొట్టింది.

తల్లి పోయినప్పుడు ఏడవలేదు. ఎంత నిబ్బరమో అన్నారు చుట్టాలు.

ఒకళ్ళు పొట్టి, ఒకళ్ళు పొడుగు. నేనింతే — అనుకుంది.

ఆ వానాకాలంలో ఆమెకు జోడీ మారింది. అవతలి కొసకు పొడుగక్క వచ్చింది. గలగలా మాట్లాడే మనిషి. గుమ్మం ఎత్తు తక్కువ కట్టినవాళ్ళను రోజూ తలకు తగిలినప్పుడల్లా తిట్టుకుంటూ లోపలికి వచ్చేది.

దులిపేటప్పుడు ఇద్దరూ లాగాలి. లాగితేనే దుప్పటి ఫట్‌మని మోగుతుంది. ఆమె లాగదు. ఎదుటివాళ్ళు ఎటు లాగితే అటు వస్తుంది.

"నేను మనిషితో పట్టుకున్నానా, గోడకి మేకేసి పట్టుకున్నానా తెలీడం లేదే. మేకైనా కాస్త బిగిసి ఉంటుంది" అంది పొడుగక్క.

అందరూ నవ్వారు. నవ్వాలని గుర్తొచ్చి ఆమె కూడా నవ్వింది.

పొడుగక్క నవ్వు మాత్రం మధ్యలోనే ఆగిపోయింది.

భోజనాల వేళ పక్కన చేరి అడిగింది. ఏదంటే ఇష్టం నీకు? ఏదైనా సరే, ఎంత చిన్నదైనా సరే. ఆమె ఆలోచించింది. పనిగంట మోగేదాకా ఆలోచించింది. దొరకలేదు.

"మా తమ్ముడి తీరే అంత అనుకున్నాం" అంది పొడుగక్క, గిన్నె మూత పెడుతూ. "అనుకుంటూ అనుకుంటూనే వాణ్ణి పోగొట్టుకున్నాం. లే. పైకి పోదాం పద."

పై అంతస్తులో డాక్టరమ్మ తొందర పెట్టలేదు. నిద్ర గురించి అడిగింది. ఆకలి గురించి. చచ్చిపోవాలనిపిస్తుందా అని కూడా, నీళ్ళు తాగుతారా అన్నంత మామూలుగా అడిగింది. చావాలని లేదు. ఉండాలనీ లేదు. ఆ మాట ఆమె నోటి నుంచి ఎవరి ముందైనా రావడం అదే మొదలు.

ఎప్పటినుంచి అని అడిగింది డాక్టరమ్మ. నేనింతేనండి అంది.

"సన్నటి జ్వరం ఏళ్ళ తరబడి ఉంటే, ఒళ్ళు అదే తన వేడి అనుకుంటుందమ్మా. ఇది మనసుకు పట్టిన సన్నజ్వరం. మందుంది. మీరు వచ్చి నాతో మాట్లాడటమూ మందే. తగ్గుతుంది, కాకపోతే మెల్లగా. మధ్యలో మీ అంతట మీరు ఆపెయ్యొద్దు."

మెట్లు దిగుతూ ఆమె సంతోషించలేదు. భయపడింది.

ఇది జబ్బయితే... ఆ చప్పట్లు కొట్టింది ఎవరు? ఇన్నేళ్ళు ఆ ఇంట్లో తిరిగింది ఎవరు? జబ్బు పోతే లోపల ఎవరైనా మిగులుతారా?

మాత్రలు మొదలుపెట్టింది. నోరు ఎండిపోయింది. కడుపులో తిప్పింది. వారాలు గడిచాయి. మబ్బు మబ్బులాగే ఉంది. మందుక్కూడా నేనంటే విసుగొచ్చిందేమో అనుకుంది. అయినా మానలేదు. పొడుగక్క రోజూ దుప్పటి అవతలి నుంచి వేసుకున్నావా అన్నట్టు కనుబొమ్మలెగరేసేది.

ముందుగా వచ్చింది సంతోషం కాదు.

కోపం.

ఒక పూట కూరలో ఉప్పు లేదని అత్తగారు కంచం జరిపితే, డబ్బా తెచ్చి ముందు పెట్టి, మీరే వేసుకోండి అంది. ఇల్లు బిత్తరపోయింది. ఆమే అందరికంటే ఎక్కువ బిత్తరపోయింది.

ఆ తర్వాత ఏడుపు. ఏళ్ళ కిందట పోయిన తల్లి కోసం. గిన్నెలు తోముతుంటే వచ్చింది, కొళాయి కట్టలేక అలాగే నిలబడి ఏడ్చింది. మర్నాడూ ఏడ్చింది. ఇంత నొప్పి ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుంది? మొద్దుబారిపోయి ఉండటమే నయమేమో... అని కూడా అనిపించింది.

మొగుడు చెడ్డవాడు కాదు. బెదిరిపోయాడు.

ఆ సాయంత్రం వంటింటి అరలోంచి మాత్రల అట్ట తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. గుమ్మంలో అత్తగారు నిలబడింది, బంగారం లాంటి పిల్లను పాడుచేశారంటూ.

"ఇవి చాలించు" అన్నాడు అతను. గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నాడు. "మునుపే బాగుండేదానివి. ఓ గొడవ లేదు, ఓ ఏడుపు లేదు."

మునుపు.

ఆ మాట చల్లగా, మెత్తగా, పక్క పరిచినట్టు ఉంది. వెళ్ళి పడుకోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. అందరూ మెచ్చుకుంటారు.

"ఇటివ్వండి" అంది.

అతను కదల్లేదు.

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. ఇద్దరి మధ్యా ఆవిరి లేస్తోంది. అతని మొహం సరిగ్గా కనపడటం లేదు. జేబు మీద పెట్టుకున్న చెయ్యి మాత్రం కనపడుతోంది.

ఆమె ఆవిరి మీదుగా చెయ్యి చాపింది. అరచెయ్యి తెరిచి.

వేడి... చర్మం చురుక్కుమంటోంది.

వెనక్కి తీసుకోలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంచింది.

తెల్లగా, తడిగా — ఆవిరి.