రెండు గంటల పేజీ

మధ్యాహ్నం రెండు కాగానే కుట్టుమిషను పక్కనున్న సగం పుస్తకం తనంతట తానే ఒక పేజీ తిప్పుకునేది. కొలతలివ్వడానికొచ్చినవాళ్లు "మీ అక్క భోజనం అయినట్టుందమ్మా" అనేవారు. టైలరమ్మ తలూపి మళ్లీ కత్తెర పట్టేది.

అది పాత డిటెక్టివ్ నవల. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరూ ముందు నేనంటే ముందు నేనని జుట్లు పట్టుకుంటే, విసిగిపోయిన వాళ్లమ్మ దాన్ని బ్లేడుతో నడిమికి కోసి చెరో ముక్కా చేతిలో పెట్టింది. మొదటి సగం అక్కకి, రెండో సగం చెల్లికి. అప్పట్నుంచీ ఒకరు పేజీ తిప్పితే రెండోవారి దగ్గరా తిరిగేది. చెల్లి హంతకుడి పేరు చెప్పబోతే అక్క చెవులు మూసుకునేది. ఇష్టమైనదేదైనా చివరికి దాచుకునే మనిషి.

అమ్మ పోయిన వారానికి ఆవిడ బంగారు గాజులు కనిపించలేదు.

"ఇంట్లో ఉన్నది నువ్వొక్కదానివే కదే" అంది అక్క, బంధువులందరి ముందూ.

చెల్లి తన సగం పుస్తకం సంచిలో పెట్టుకుని వేరే ఊరు వచ్చేసింది. తొమ్మిదేళ్లు మాటల్లేవు. మధ్యాహ్నం అక్క ఒక పేజీ తిప్పేది, సాయంత్రం షట్టరు దించే ముందు చెల్లి ఒకటి తిప్పేది. చివరికొస్తే మళ్లీ మొదటికి. కుశల ప్రశ్నలన్నీ అంతటితో సరి.

ఒక సోమవారం పేజీ తిరగలేదు. మంగళవారమూ తిరగలేదు. బుధవారం చెల్లి కుట్టాల్సిన బట్టలన్నీ ఎక్కడివక్కడ వదిలేసి బస్సెక్కింది.

అక్క ఆసుపత్రి మంచం మీద పిడికెడైపోయి ఉంది. చేతులు లేవడం లేదు. తల పక్కన మొదటి సగం ఉంది.

"గాజులు దొరికాయే. అమ్మే తన దిండులో పెట్టి కుట్టేసుకుంది. దొరికి ఆరేళ్లయింది."

"మరి ఒక్క మాట చెప్పలేదేం అక్కా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? సాయంత్రం పేజీ తిరిగేది. నువ్వు నన్ను మర్చిపోలేదు, అది చాల్లే అనుకునేదాన్ని."

చెల్లికి ఏడుపాగలేదు. తనూ అంతే. అక్క బాగానే ఉందిలే అనుకుంటూ తొమ్మిదేళ్లు గడిపేసింది. ఆ పేజీలు తిరగకపోయి ఉంటే ఇద్దరిలో ఎవరో ఒకరు ఎప్పుడో బస్సెక్కేవాళ్లు.

"ఏడుపాపి ఇప్పుడైనా చెప్పవే, ఎవరు చంపారు?" అంది అక్క.

చెల్లి కళ్లు తుడుచుకుని తన సగం తీసి సాయంత్రం దాకా పైకి చదివింది. పక్కనే అక్క పేజీలూ తిరుగుతూ వచ్చాయి. ఇంకా నాలుగు పేజీలున్నాయనగా చెల్లి పుస్తకం మూసేసింది.

"మిగతాది రేపు. దానికోసమైనా ఉండు."

"నీ మొండితనం ఎక్కడికి పోతుందే" అని నవ్వింది అక్క.

తెల్లవారేసరికి వెళ్లిపోయింది.

ఇప్పుడు రెండు సగాలూ మిషను పక్కనే ఉన్నాయి. రెండు కాగానే టైలరమ్మ పని ఆపి ఆ చివరి నాలుగు పేజీలూ, హంతకుడి పేరుతో సహా, పైకి చదువుతుంది. కొలతలివ్వడానికొచ్చినవాళ్లు నిలబడి వింటారు. మొదటి సగంలో ఒక్క పేజీ కూడా కదలదు.