బోథవ్వకు చెప్పిన మాట

పొద్దున్నే పార్కు గేటు తెరిచి, రాలిన ఆకులు ఊడ్చి, జింకలకు గడ్డి వేసి, ఆ తర్వాత జొన్న సంకటి కలపడం రేవతి పని. సంకటిలో బెల్లం ముక్క పడాల్సిందే. బెల్లం లేని సంకటిని బోథవ్వ వాసన చూసి వదిలేస్తుంది.

బోథవ్వ అంటే ఎలుగుబంటి. కూనగా ఉన్నప్పుడు బోథ్ దగ్గర మక్కచేనులో ఒంటరిగా దొరికింది. అటవీశాఖ వాళ్లు తెచ్చి ఆదిలాబాద్ శివారులోని ఈ చిన్న జింకల పార్కులో పెట్టారు. పేరుకే జింకల పార్కు, జనం వచ్చేది ఎలుగు కోసమే. బోథవ్వ ముందు నిలబడి 'పోయొస్త' అన్నవాళ్లు ఎక్కడికి పోయినా తిరిగి వస్తారు మరి. గడప దాటేటప్పుడు 'పోతున్న' అని ఎవరూ అనరు, అది చావు మాట. అందరూ పోయొస్తనే అంటారు. అన్నవాళ్లంతా వస్తారా ఏమిటి? బోథవ్వ వింటే మాత్రం వస్తారు. అందుకే దుబాయి పోయేవాళ్లు, మస్కట్ పోయేవాళ్లు ముందు ఇక్కడికి వచ్చి, ఆ ఒక్క మాట అనేసి బస్సెక్కేవారు. అలా చెప్పి పోయిన కోరుట్ల వైపు మనిషి ఒకాయన దుబాయి జైల్లో పడితే, ఓ రోజు తలుపు తీసి పంపించేశారు. ఎందుకు పంపించారో ఆ జైలు వాళ్లకే తెలియలేదు.

రేవతి మొగుడు రవి కూడా ఆ మాట చెప్పే పోయాడు. అతను వ్యాను డ్రైవరు. ఇక్కడి సరుకు పెన్‌గంగ నది అవతలికి, అక్కడి సరుకు ఇక్కడికి తోలేవాడు. కరోనా వచ్చిందని టీవీలో చెప్పడం మొదలైన రోజుల్లో ఓ ఉదయం వ్యాను పార్కు గేటు ముందు ఆపి లోపలికి వచ్చాడు. రేవతి చేతిలో గంగాళం ఉంది. రవి బోథవ్వ కటకటాల దగ్గర నిలబడి "పోయొస్త" అన్నాడు. రేవతి వైపు చూసి తల ఊపి వెళ్లిపోయాడు. ఆ మాట తనకే అనుకుని ఆమె రోజంతా మురిసిపోయింది.

ఆ తర్వాత దేశమంతా తాళం పడింది. పార్కుకూ పడింది. ఎవరూ రాని పార్కులో రేవతి, ముసలి వాచ్‌మన్ హనుమండ్లు మాత్రమే మిగిలారు. జింకలు దారుల మీదే పడుకునేవి. రవి ఎప్పుడో ఓసారి ఫోన్ చేసేవాడు.

"ఏంజెయ్యాలె రేవతీ, గీడ అంత బంద్ ఉన్నది. నది కాడ పోలీసోళ్లు వదుల్తలేరు."

"ఫికర్ చెయ్యకు. పైలంగ ఉండు" అనేది రేవతి.

సుల్తానాబాద్ నుంచి తల్లి కనకవ్వ ఫోన్ చేస్తే కథ వేరుగా ఉండేది.

"ఒక్కదానివి గాడ ఏం జేస్తవ్ బిడ్డా? నా కాడికి రారాదు. రెండొద్దులుండి పోదువు."

"ఎట్లొస్తనవ్వా? నేను అటు రాంగనే ఆయన ఇటొస్తే? బోథవ్వకు చెప్పి పోయిండు, వస్తడు."

అలా అమ్మ జ్వరంతో పడుకున్నప్పుడు కూడా రేవతి పోలేదు. ఊరు దాటితే ఆ మాట చెడిపోతుందేమోనని ఆమె భయం.

బతుకమ్మ పూలు పూసే రోజుల్లో తెలంగాణలో పార్కులు తెరవొచ్చని ఆర్డరు వచ్చింది. నది అవతల మహారాష్ట్రలో ఇంకా తెరవలేదు. నది ఒక్కటే, నీళ్లు ఒక్కటే, ఈ ఒడ్డున ఎలుగును చూడొచ్చు, ఆ ఒడ్డున చూడకూడదు. కరోనా ఏ ఒడ్డు మాట వింటుందో సర్కార్లకే తెలియాలి. గేటు దగ్గర సున్నంతో గుండ్రాలు గీశారు. రేవతికి మాస్కు ఇచ్చి, నుదుటికి ఎదురుగా పెట్టి జ్వరం చూసే మిషను చేతికిచ్చి, గేటు దగ్గర నిలబెట్టారు.

మొదటి వారమే నది అవతలి బండ్లు బారులు తీరాయి. ఇంట్లో పిల్లలను ఆపలేక వచ్చిన జనం. రేవతి మిషను పెడుతూ ఒకామెను అడిగింది, "నది కాడ ఆపలేదా అక్కా?"

"ఎవరాపుతరు? ఎండకాలం పోయినప్పటి సంది తొవ్వ సాఫ్‌గనే ఉన్నది" అందామె.

రేవతి చేతిలో మిషను అలాగే ఉండిపోయింది. వెనకవాళ్లు కేకలేస్తే గానీ ఆమెకు తెలివి రాలేదు.

ఆ సాయంత్రం ఆమె సంకటిలో బెల్లం వేయలేదు. కటకటాల్లోంచి గిన్నె తోసి, "నువ్వు గూడ మోసమే జేసినవ్" అంది. బోథవ్వ వాసన చూసి, గిన్నె వదిలి, మూలకు పోయి కూర్చుంది. మరునాడూ బెల్లం పడలేదు. ఆ మరునాడూ పడలేదు. హనుమండ్లు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఆదివారం వచ్చింది. గుండ్రాల్లో జనం నిలబడ్డారు. రేవతి ఒక్కొక్క నుదుటికీ మిషను పెడుతూ పోతోంది. మాస్కుల వల్ల ఎవరి ముఖమూ తెలియడం లేదు. కానీ ఎడమ కాలు కాస్త ఈడ్చి నడిచే ఆ నడక ఆమెకు తెలుసు. క్లచ్చి తొక్కీ తొక్కీ వచ్చిన నడక అది. పక్కన ముక్కుకు నత్తు పెట్టుకున్న ఆడమనిషి. ఇద్దరి మధ్య ఓ ఆడపిల్ల గెంతుతూ, "బాబా, అస్వల్! అస్వల్ కుఠే?" అంటోంది. అస్వల్ అంటే ఎలుగే. బాబా అంటే ఎవరో కూడా వేరే చెప్పక్కర్లేదు. ఆ పిల్ల ఇలా గలగలా మాట్లాడుతోందంటే, కరోనా కంటే ఎన్నో ఏళ్లు పెద్దది.

రేవతి రవి నుదుటికి మిషను పెట్టింది. అతని కళ్లు ఆమె కళ్లను గుర్తుపట్టాయి. మిషను జ్వరం లేదని చెప్పింది.

"కోణ్ ఆహే?" ఎవరని అడిగింది నత్తు పెట్టుకున్నామె, ఆగిపోయిన మొగుణ్ణి చూసి.

ఇక్కడ పనిచేసే మనిషట, అన్నాడు రవి మరాఠీలో. ఆదిలాబాద్‌లో ఏళ్లుగా ఉంటున్న రేవతికి ఆ మాత్రం మరాఠీ వచ్చు. మిషను హనుమండ్లు చేతిలో పెట్టి, ఆమె వాళ్ల వెనకే నడిచింది.

తల్లీ పిల్లా జింకల దగ్గర ఆగారు. రవి మాత్రం ఆగలేదు. కాళ్లు లాక్కుపోతున్నట్టు నేరుగా బోథవ్వ దగ్గరికి పోయి, కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు.

"సిగ్గు లేదా నీకు?" అంది రేవతి. "నేనున్న కాడికే తోల్కొస్తవా ఆళ్లను?"

"నిజంగ నాకే తెల్వదే. పిల్ల జంతువులు చూస్తనని ఏడ్చింది. గాడ పార్కులు బంద్, ఉత్తగ తిప్పి మరిపిద్దామని నాందేడ్ దిక్కు బండి తీసిన. బండి గిటు తిరిగింది. ఎంత తిప్పినా గిటే వచ్చింది." అతను కటకటాలు వదల్లేదు. "నీకు ఎన్నడో చెప్దామనుకున్న..."

"నది కాడ పోలీసోళ్లు వదుల్తలేరని చెప్పినవ్ గద. గది చాలు."

అమ్మ జ్వరంతో పడుకున్న రోజులు గుర్తొచ్చి ఆమెకు ఏడుపు ఎగదన్నింది. ఇన్ని నెలలు ఎవరి కోసం కాపలా కాసినట్టు? బోథవ్వ లేచి వచ్చి కటకటాల దగ్గర నిలబడింది. బక్కచిక్కింది పాపం. అప్పుడు తట్టింది రేవతికి. ఆ రోజు రవి ఎవరి ముందు నిలబడి చెప్పాడు? బోథవ్వ ముందు. మరి ఎవరి దగ్గరికి వచ్చాడు? బోథవ్వ దగ్గరికే. తనకు అతను ఏ మాటా ఇవ్వనే లేదు. ఎలుగు తప్పు ఇందులో ఏమీ లేదు.

జింకల దగ్గర నుంచి పిల్ల పిలిచింది. రవి వెనక్కి తిరగబోతూ, అలవాటుగా బోథవ్వ వైపు చూసి, "పోయొ..." అన్నాడు.

రేవతి చప్పున అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"గా మాట అనకు. 'పోతున్న' అను."

"అట్లెట్లంటనే? మంచిది కాదు."

"నువ్వు జేసింది మంచిదా? అను. లేకుంటే ఇప్పుడే గామెను పిలిచి నేనెవరో చెప్త."

రవి జింకల వైపు చూశాడు, రేవతి వైపు చూశాడు. నేల చూపులు చూస్తూ అన్నాడు, "పోతున్న."

బోథవ్వ ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి, అతనికి వీపు చూపించి పోయి పడుకుంది.

చలికాలం వెళ్లిపోయింది. నది అవతల కూడా జూ పార్కులు తెరిచారు. రేవతి సంగతి ఎలా తెలిసిందో గానీ నత్తు పెట్టుకున్నామె రవిని ఇంట్లోంచి వెళ్లగొట్టిందని సరుకు బండ్లవాళ్లు చెప్పుకున్నారు. ఓ మధ్యాహ్నం రేవతి సంచి సర్దుకుంటుంటే ఫోన్ మోగింది.

"రేవతీ, నీ కాడికే వస్తున్ననే. రోజూ బస్సెక్కుతున్న. వంతెన దాటుతది, ఆదిలాబాద్ అని కండక్టరు ఒర్రుతడు, దిగుత. దిగి చూస్తే మళ్ల నది గీ ఒడ్డే. నడిచి గూడ చూసిన. తొవ్వ దొరుకుతలే." అతను ఏడుస్తున్నాడు. "జర ఆ ఎలుగుకు చెప్పు."

పెళ్లయినప్పటి నుంచి ఆమె మొగుణ్ణి పేరు పెట్టి పిలిచి ఎరగదు.

"పోతున్ననంటివి గద రవీ" అంది. "పోయినవ్."

ఫోన్ పెట్టేసి, సంచి భుజాన వేసుకుని పార్కుకు పోయింది. హనుమండ్లు సంకటి కలిపి పెట్టాడు. అందులో పెద్ద బెల్లం ముక్క వేసి, తన చేత్తోనే గిన్నె లోపలికి తోసింది.

"అవ్వను చూడక ఎన్ని దినాలాయె. సుల్తానాబాద్ బస్సుకు యాళ్లయితుంది" అంది. బోథవ్వ మూతి నిండా బెల్లం పూసుకుని తలెత్తి చూసింది.

"పోయొస్త" అంది రేవతి.