చేతి తొడుగుల హుకుం

నల్ల జెండాల బండ్లు మా గుంగుకోయిరాలోకి వచ్చిన రోజున ఊరంతా రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది. అప్పటికి సర్కారు సైన్యం దక్షిణానికి పారిపోయింది. వాళ్లని తరిమిన తిరుగుబాటుదార్లు ధాన్యం కొట్లు దోచుకున్నారు, ఆస్పత్రి మంచాలు మోసుకుపోయారు, బడి తలుపులు కూడా ఊడబీకారు. ఈ నల్ల జెండాల గడ్డాలవాళ్లు ఆ దొంగల్ని తరిమేసి సంతలో బియ్యం పంచారు. నైజర్ నది రేవులో చేపలమ్మే మా పెద్దమ్మ అరహ్మతూ, వాళ్ల నాయకుడు అబూ సఫ్వాన్‌కి బుట్టెడు పొగబెట్టిన చేపలు ఊరికే ఇచ్చింది. "దేవుడు నిన్ను చల్లగా చూడాలి నాయనా" అని దీవించింది.

వానలు మొదలయ్యేసరికి రేడియోలో పాటలు ఆపించేశారు. తర్వాత సిగరెట్లు, ఫుట్‌బాల్, పెళ్లి డప్పులు ఒక్కొక్కటే పోయాయి. తాయెత్తు కట్టుకున్న ముసలాయన్ని కూడలిలో కొరడాతో కొట్టారు. మా పక్కింటి అల్‌ముస్తఫా తుపాకీ భుజాన వేసుకుని వాళ్లలో చేరాడు. తల్లి పోయాక పెద్దమ్మ వాకిట్లో తిని పెరిగినవాడు వాడు.

ఒక శుక్రవారం మసీదు మైకులో కొత్త హుకుం వచ్చింది. ఆడదానికి ఇల్లే గౌరవమట. తప్పనిసరై సంతకి వస్తే ముఖం కప్పుకోవాలి, చేతులకి నల్ల తొడుగులు వేసుకోవాలి.

మర్నాడు అబూ సఫ్వాన్ మనుషులతో రేవుకి వచ్చాడు. అతనిది ఎడారి అవతలి దేశం, మా మాట రాదు. అల్‌ముస్తఫా మధ్యలో నిలబడి అటూ ఇటూ చెప్పేవాడు.

"తొడుగులేవి అని అడుగుతున్నారు" అన్నాడు వాడు, పెద్దమ్మ మొహం చూడకుండా.

"చేప జారిపోతోందిరా. ఇదిగో కత్తి. మీ దొరని తొడుగులేసుకుని ఒక్క చేప పొట్ట చీల్చమను. రేపట్నుంచి నేనూ వేసుకుంటా."

రేవంతా ఘొల్లుమంది. ఆ మాట అల్‌ముస్తఫా అరబ్బీలోకి మార్చలేదు. కానీ నవ్వు అబూ సఫ్వాన్‌కి అర్థమైంది. కొరడా తీసి వాడి చేతికే ఇచ్చాడు.

వాడు కొట్టాడు. పెద్దమ్మని చేపబుట్టల మధ్య మోకాళ్ల మీద కూర్చోబెట్టి, వీపు మీద కొట్టాడు. ఆమె పళ్లు బిగబట్టి నదివైపు చూస్తూ ఉండిపోయింది. పక్క బుట్ట దగ్గరున్న నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఆ సాయంత్రం రేవు ఆడవాళ్లంతా మా వాకిట్లోకి వచ్చారు. నేను పెద్దమ్మ వీపుకి వెన్న రాస్తున్నాను. సజ్జ అంబలి అమ్మే జులేహా కళ్లు తుడుచుకుంటూ, "ఇంక తొడుగులు కొనుక్కోవడమేనా అక్కా?" అంది.

"ఎందుకే కొనడం? మైకులో ఏమన్నారు?"

"ఆడదానికి ఇల్లే గౌరవం అన్నారు."

"మరి గౌరవంగా ఇంట్లో పడుందాం. ఒక్కతి కూడా గడప దాటొద్దు. వలలు చిరిగిపోయాయని చెప్పి ఇంట్లోనే ఉండమని మీ మొగుళ్లకీ చెప్పండి."

జులేహా ముందు నోరు తెరిచింది. తర్వాత పగలబడి నవ్వింది.

మర్నాడు సంతలో ఈగలు తప్ప ఎవరూ లేరు. చేపల్లేవు, రొట్టెల్లేవు, అంబలి లేదు, ఉల్లిపాయ కూడా లేదు. ఊరివాళ్లం ఇళ్లలో దాచుకున్నదేదో గోడల మీంచి ఒకరికొకరం అందించుకున్నాం. తుపాకీవాళ్లకి అందించేవాళ్లు లేరు. రోజూ సంతలో తినడం వాళ్లకి అలవాటు. ఒక పడవని లాక్కుని తామే చేపలు పట్టారు. పొగబెట్టడం చేతకాక అవి కుళ్లిపోతే, ఆ కంపు మసీదు దాకా కొట్టింది.

దొంగల్ని తరిమినవాళ్లమని చెప్పుకున్నారు కనక ఇళ్లు దోచలేక, ఇల్లిల్లూ తిరిగి బెదిరించారు. "మీ హుకుమే పాటిస్తున్నాం కదా బాబూ" అంది ప్రతి ఇల్లాలూ తలుపు సందులోంచి. అబూ సఫ్వాన్ మా ముసలి ఇమాం దగ్గరికి వెళ్లి ఆడవాళ్లని సంతకి పంపమని అడిగాడు. "ఇంట్లో ఉండమన్నది నువ్వే, అదీ నా మసీదులో. ఇప్పుడు నేను కాదనమంటావా?" అన్నాడాయన.

వారం తిరక్కుండా అల్‌ముస్తఫా మా గుమ్మంలో నిలబడ్డాడు. బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. "చేతులు కప్పక్కర్లేదన్నారు పెద్దమ్మా. ముఖం కూడా. రేపు రేవుకి రమ్మన్నారు."

"ఆ మాట మైకులో చెప్పమను. కొరడా పట్టుకున్నవాడు రేవులో అడుగుపెట్టకూడదని కూడా చెప్పమను."

మైకులో చెప్పారు. రెండూ చెప్పారు.

తెల్లారి ఆడవాళ్లం అన్ని వీధుల్లోంచీ ఒక్కసారే బయల్దేరాం. చేతులు మోచేతుల దాకా బయటపెట్టుకుని, బుట్టలు నెత్తిన పెట్టుకుని నడిచాం. కూడలికి వచ్చేసరికి జులేహా నాలుక ఆడించి పెళ్లికూత పెట్టింది. అది అంతకుముందే నిషేధించిన కూత. వెనక వందల గొంతులు అందుకున్నాయి. చెక్‌పోస్టు దగ్గర తుపాకీవాళ్లు మా వైపు చూసి, పక్కకి తప్పుకున్నారు.

ఆ చలికాలం సర్కారుకి సాయంగా వచ్చిన విమానాల మోత వినగానే తుపాకీవాళ్లు ఎడారిలోకి పారిపోయారు. అల్‌ముస్తఫాని మాత్రం వదిలేసి పోయారు. కుర్రాళ్లు వాణ్ణి పట్టుకుని రాళ్లు ఏరుకుంటుంటే పెద్దమ్మ అడ్డం నిలబడింది.

"సైన్యం వస్తోంది, వాళ్లకి అప్పజెప్పండి. జడ్జీ ముందు నా వీపు నేనే చూపించి చెబుతా. ఈ ఊళ్లో కూడలిలో కొట్టడం ఇంక లేదు. ఎవరికీ లేదు."

రాళ్లు కింద పడ్డాయి. వాణ్ణి తీసుకుపోయాక ఎవరో అటకమీంచి డప్పు దింపారు. పెద్దమ్మ జులేహా చెయ్యి పట్టుకుని కూడలి మధ్యకి లాక్కెళ్లి ఆట మొదలుపెట్టింది. పొద్దు వాలేదాకా ఆపలేదు.